ఇప్పచెట్టుకు కట్టిన పొట్లం

పగిడయ్య పొద్దున్నే చుట్ట వెలిగిస్తాడు. మొదటి దమ్ము మింగడు. పొగను బుగ్గల్లో పట్టి, మెల్లగా వదిలి, అది ఎటు వాలుతుందో చూస్తాడు. తూర్పుకా, నైరుతికా, లేక నిలువుగా లేచి అక్కడే చెదిరిపోతోందా అని చూసుకున్నాకే రెండో దమ్ము పీలుస్తాడు. గాలి ఎటు వీస్తోందని అతన్ని అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అడిగిన రోజుల్లో పట్టుకున్న అలవాటు అది. ఆ రోజులు పోయినా అది పోలేదు.

అడిగినవాళ్ళు జీపులో వచ్చేవాళ్ళు. ములకలపల్లి దాటి, తారు రోడ్డు అయిపోయి, వాగు దిగి ఎక్కితే పగిడయ్య ఊరు. చిన్న కోయగూడెం. గూడెం చివర ఇప్పచెట్టు, దాని వెనక అడవి. రెండువేల ఐదు ఎండాకాలంలో ఒకరోజు ఆ చెట్టు కింద జీపు ఆగింది. అటవీ శాఖ వాళ్ళేమోనని పోడు కొట్టుకునేవాళ్ళంతా గొడ్డళ్ళు దాచి ఇళ్ళలో దూరారు. పగిడయ్యకు ఏడో తరగతి దాకా చదువుంది గనక అతన్ని ముందుకు తోశారు.

వచ్చినవాళ్ళు అటవీ శాఖ కాదు. హైదరాబాదులోని ఒక ప్రయోగశాల వాళ్ళు. వాళ్ళలో చిన్నవాడు అనిల్‌కుమార్ అని సత్తుపల్లి వైపు రైతుల ఇంటి కుర్రాడు. దేశంలో ఎక్కడైనా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే, గాలిలో కలిసి వచ్చే రేడియేషన్ ఎటు పోతుందో, ఎంత దూరం పోతుందో లెక్కగట్టే పని వాళ్ళది. ఆ ప్రమాదం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఏమీ జరగని రోజుల్లో గాలీ నేలా ఎట్లా ఉంటాయో ముందే కొలిచి పెట్టుకోవాలి. దానికోసం అడవి అంచున అక్కడొకటి ఇక్కడొకటి ఊళ్ళు ఎంచుకున్నారు.

గూడెంలో వాళ్ళు రెండు వస్తువులు పెట్టారు. ఒకటి, పొడుగాటి గొట్టం చివర గిన్నెలు తిరిగే గాలిమర. రెండోది, అరచేతిలో సగం ఉండే ప్లాస్టిక్ పొట్లం. దాన్ని ఇప్పచెట్టు కొమ్మకు మనిషి ఎత్తున కట్టారు. లోపల ఒక లోహపు రేకు, ఆ రేకులో తెల్లటి బిళ్ళలు. రేడియేషన్ తగిలితే ఆ బిళ్ళలు దాన్ని తమలో దాచుకుంటాయట. మూడు నెలలకోసారి విప్పి తీసుకుపోయి వేడి చేస్తే, ఎంత దాచుకున్నాయో అంత వెలుగు ఇస్తాయట. ఆ వెలుగును కొలుస్తారు. పొద్దునా సాయంత్రం గాలి ఎటుందో చూసి రాయడం, మేకలూ కోతులూ పిల్లలూ పొట్లం జోలికి పోకుండా చూడడం పగిడయ్య పని. నెలనెలా జీతం. వాళ్ళ వంశంలో జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే.

జీపు పోగానే గూడెమంతా చెట్టు కిందికి చేరింది.

“ఏందిరా అది? మన చెట్టుకు తాయెత్తు కట్టిపోయిన్రు?” అని ఊరిపెద్ద అడిగాడు.

“తాయెత్తు కాదు తాతా, మిషను. గాలిల విషమొస్తే పట్టుకుంటది.”

“పట్టి?”

పట్టి ఏం చేస్తుందో అనిల్‌కుమార్ చెప్పే పోయాడు. కొలుస్తుంది, అంతే. కానీ కొత్తగా కొలువులో చేరిన మనిషికి ఊరంతా చుట్టూ చేరి నోట్లోకి చూస్తుంటే, అంతే అనడానికి నోరు రాలేదు.

“మనకేం కాకుండ చూస్తది,” అన్నాడు.

ఊరిపెద్ద తల పైకెత్తి పొట్లంకేసి చూశాడు. “సర్కారుకు ఇన్నాళ్ళకు మన మీద దయ పుట్టింది,” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వారే గాని, ఆ మాట అందరి మనసులోనూ ఉండిపోయింది. ఉండిపోవడానికి కారణం కూడా ఉంది. మూడు నెలలు తిరిగేసరికి జీపు మళ్ళీ వచ్చింది. దిగినవాళ్ళు చేతులకు తెల్లని తొడుగులు వేసుకున్నారు, పాత పొట్లాన్ని మునివేళ్ళతో విప్పి పెట్టెలో పెట్టుకున్నారు, కొత్తది కట్టారు, దాన్ని ఎవరూ ముట్టకూడదని గట్టిగా చెప్పి పోయారు. ఎప్పుడొచ్చినా ఇదే వరస. గూడెం పూజారి వడ్డె తమ వేల్పుకు చేసే పనికీ దీనికీ గూడెం కళ్ళకు పెద్ద తేడా కనిపించలేదు.

పగిడయ్యకు ఒక అక్క. పేరు రామక్క. మొగుడు పాము కరిచి పోతే, కూతురు భవానిని తీసుకుని తమ్ముడి పక్క గుడిసెలో ఉంటోంది. తన పెళ్ళి మాట ఎవరు ఎత్తినా పగిడయ్య వాయిదా వేసేవాడు. ఆ పిల్లే అతని లోకం. గాలి చూడ్డానికి వెళ్తే వెంట వచ్చేది.

“మామా, ఇయ్యాల గాలెటు?”

“నువ్వే చెప్పు పిల్లా.”

భవాని వేలు నోట్లో తడిపి పైకెత్తేది. “దుమ్ముగూడెం దిక్కు పోతాంది. రాసుకో.”

“గట్లనా మేడమ్? రాసుకుంట.”

మరుసటి ఏడాది తొలి వానలు పడ్డాక పిల్లకు దగ్గు పట్టింది. మొదట పసరు పోశారు. తర్వాత వడ్డె చేత తాయెత్తు కట్టించారు. దగ్గు తగ్గకపోగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలేది. మెడ పక్కన గడ్డలు లేచాయి, చేతులు వెదురు పుల్లలయ్యాయి. “గాలి సోకింది,” అన్నారు అందరూ.

“తమ్మీ, ఆ పొట్లం ఒక్క నెల ఇయ్యి,” అంది రామక్క.

“నీకు పిచ్చా అక్కా? అది కొలిచేది.”

“నువ్వే కద చెప్పినవ్, మనకేం కాకుండ చూస్తదని. ఊరికి పనికొచ్చేది నా బిడ్డకు పనికిరాదా?”

“ఏదో అన్న. అది మందు కాదు.”

“ఏదో అంటే? నీ మాట కాడనే నేనున్న.”

పగిడయ్య కసిరి ములకలపల్లి సంతకు పోయాడు. తిరిగొచ్చేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. పొట్లం భవాని మొలతాడుకు, లంగా కింద వేలాడుతోంది. పిల్ల నవ్వుతూ, “మామా, నన్ను గూడ కొలుస్తవా?” అంది.

అతను విప్పబోయాడు. రామక్క రెండు చేతులూ పట్టుకుంది. “జీపొచ్చే యాళ్ళకు మళ్ళ కడత. నీ కొలువుకు ఏం గాదు. నా బిడ్డ బతకనీయ్ రా.”

ఆ పిల్ల నవ్వు చూశాక అతని చేతులు ఆడలేదు. చెట్టుకుంటే ఏం, పిల్లకుంటే ఏం, రెండూ ఒకే గూడెంలోనే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. దవాఖానాకు కూడా పోవాలి. రామక్క ఒప్పుకుంది.

భద్రాచలంలో పెద్ద దవాఖానాలో పిల్ల ఛాతీకి ఎక్స్‌రే తీశారు. సరిగ్గా పడలేదని మళ్ళీ తీశారు. నెల తర్వాత రమ్మని మరోసారి తీశారు. ఒంటి మీద తాళ్ళూ పూసలూ తీసేయమన్నప్పుడల్లా రామక్క అన్నీ తీసింది. పొట్లాన్ని మాత్రం లంగా బొందులో దోపింది. టీబీ అని తేలింది. ఆరు నెలలు రోజు విడిచి రోజు బిళ్ళలు మింగాలన్నారు. భవాని పేరు రాసిన మందుల పెట్టె ఊరికి దగ్గరి ఉపకేంద్రానికి వచ్చింది. నర్సమ్మ గూడేనికి వచ్చి ఎదురుగా కూర్చోబెట్టి మింగించేది.

బిళ్ళలు మింగితే ఉచ్చ ఎర్రగా వచ్చేది. అది మందు రంగేనని నర్సమ్మ చెప్పింది. రామక్కకు మాత్రం చూసినప్పుడల్లా పిల్ల నెత్తురు కారిపోతున్నట్టే ఉండేది. అయినా మింగించింది. నెలన్నరకు జ్వరం వదిలింది. పిల్ల అన్నం అడిగి తినడం మొదలుపెట్టింది. జీపు వచ్చే వేళకు రామక్క పొట్లం విప్పి, తుడిచి, కొమ్మకు యథాస్థానంలో కట్టేసింది. అనిల్‌కుమార్ దాన్ని తీసుకుపోయాడు. పగిడయ్య గుండె ఆ పూట తేలికపడింది.

నెలా పదిహేను రోజులకు జీపు మళ్ళీ వచ్చింది. రావాల్సిన సమయం కాదు. ఒకటి కాదు, రెండు వచ్చాయి. దిగినవాళ్ళ ముఖాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఇప్పచెట్టు చుట్టూ ఏవో పెట్టెలు తిప్పారు. మట్టి తీశారు, ఆకులు కోశారు, మేకల పాలు, బావి నీళ్ళు సీసాల్లో పోసుకున్నారు.

అనిల్‌కుమార్ పగిడయ్యను పక్కకు తీసుకుపోయి ఒక కాగితం విప్పాడు. జిల్లా పటం మీద, మొదట సన్నగా మొదలై చేట అంచులా విప్పుకున్న బొమ్మ ఉంది.

“ఏదైనా ప్రమాదం జరిగితే గాలి ఇట్లా మోసుకొస్తుంది పగిడయ్యా. ఆ మూడు నెలల గాలి లెక్కలన్నీ పెట్టి కంప్యూటర్‌ని వెనక్కి నడిపి చూశాం. ఎక్కడా ప్రమాదం జరగలేదు. చుట్టుపక్కల ఏ పొట్లంలోనూ ఏమీ లేదు. మీ చెట్టు పొట్లంలో మాత్రం మామూలుకు ఎన్నో రెట్లు ఉంది. ఒక్క చెట్టు మీదే దిగి పోయే మేఘం ఉండదు కదా?”

“ఉండది సార్.”

“ఎవరైనా ముట్టుకున్నారా?”

పగిడయ్య తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళ ముందు తన కొలువు ఉంది, దాని వెనక ఏముందో అతనికి ఇంకా తెలియదు. మొలతాడుకు కట్టినంత మాత్రాన బిళ్ళల్లో అంత లెక్క ఎట్లా పడుతుందో అతని ఊహకూ అందలేదు.

సీసాలు పట్టుకుని జీపులు పోవడం అందరూ చూశారు. వారం తిరక్కుండా సంతలో మాట పాకింది. ఇప్పపువ్వు గంపలు దింపితే ముక్కు పట్టుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. తండా నుంచి వచ్చి పక్కనే చింతపండు అమ్ముకునే దేవ్లా, పగిడయ్యను చూసి పెద్దగా నవ్వాడు.

“ఏమన్నా, మీ ఊళ్ళె బాంబు పడ్డదంట! చీకట్ల మెరుస్తున్నవా ఏంది?”

“ఊకో దేవ్లా, పరాచికాలు వద్దు.”

“పరాచికం గాదు. ఇయ్యాల జర దూరం కూసో. నా గిరాకీ గూడ పోతది.”

దేవ్లా గోనెపట్టా నిజంగానే అవతలికి జరుపుకున్నాడు.

ఊరంతా తల పట్టుకుంటే రామక్క ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆమె ఎవరికీ చెప్పకుండా తనలో తాను లెక్క కట్టుకుంది. అన్ని ఊళ్ళ పొట్లాల్లో లేని విషం ఈ ఒక్క పొట్లంలోనే ఉందంటే, ఆ విషం ఎక్కడిది? తన బిడ్డ ఒంట్లోది. పొట్లం తాగేసింది. అందుకే జ్వరం పోయింది. హైదరాబాదు మిషన్లే సాక్ష్యం చెప్తున్నాయి కదా!

ఇక ఆ నెత్తురు పోసే బిళ్ళలెందుకు?

నర్సమ్మ గూడేనికి వచ్చిన రోజుల్లో రామక్క పిల్లను తీసుకుని అడవికి పోయేది. అడ్డాకులు కోయడానికి పోయామనేది, చుట్టాల ఊరికి పోయామనేది. భవానికి బిళ్ళలంటే వాంతి. తప్పించుకోవడం ఆ పిల్లకు ఆటలా ఉండేది. పగిడయ్యకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు నర్సమ్మ అతన్ని దారిలో ఆపి, “మీ మేనకోడలి పెట్టె సగం అట్లనే ఉన్నది తమ్ముడూ. ఇప్పుడు మానేస్తే జబ్బు ముదురుతది, మళ్ళ ఏ మందుకూ లొంగదు,” అని హెచ్చరించింది.

అతను పరుగున ఇంటికి వచ్చాడు. రామక్క సంతోషంగానే అంతా చెప్పింది. వింటూ వింటూ అతను చూరుకు దోపిన ఎక్స్‌రే ఫిల్మును లాగాడు. ఎందుకు లాగాడో అతనికే తెలియదు. ఎండకు పట్టి చూశాడు. చిన్న చిన్న పక్కటెముకలు, వాటి కింద నడుము దగ్గర, ఎముక కానిది, నలుచదరంగా తెల్లటి మచ్చ. రేకు.

చెట్టుకున్న పొట్లానికి లెక్క ఎట్లా పడిందో అతనికి అప్పుడు అర్థమైంది. ఏ మేఘమూ రాలేదు, ఏ జబ్బునూ అది తాగలేదు. దవాఖానా మిషను కాంతి దాని మీద పడింది, ఒకటికి మూడుసార్లు.

“అక్కా, ఇగో చూడు. ఇదే పొట్లం. ఈ ఫోటో తీసే మిషను వెలుతురే దాంట్ల పడ్డది. పిల్ల జబ్బు కాదే!”

రామక్క చూసింది. “అవ్, పొట్లమే. నా బిడ్డ లోపల ఎంత చక్కగా కనపడుతాందో చూడు. లోపలికి పోయి కూసున్నది. తాగకుంటే అక్కడెందుకున్నది?”

అతనికి ఏడుపు వచ్చింది. తన మాట ఇక ఆమె చెవికెక్కదు. చదువుకున్నవాళ్ళు, ఆ పొట్లం కట్టినవాళ్ళు చెప్తే వింటుందనుకున్నాడు. ఫిల్ము చుట్టి చంకలో పెట్టుకుని కొత్తగూడెం పోయాడు. అనిల్‌కుమార్ వాళ్ళు అక్కడ గెస్ట్‌హౌస్‌లో దిగి ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

అనిల్‌కుమార్ ఫిల్మును కిటికీకి పట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. కొన్ని వారాలుగా నిద్రలేని మనిషి. “బతికించావు,” అన్నాడు ముందు. తర్వాత, “ముందే ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నాడు.

“నా కొలువు పోతే పోయింది సార్. మీరొచ్చి మా అక్కకు ఒక్క మాట చెప్పాలె. అది మందు కాదని.”

వచ్చాడు, పాపం. జీపు దిగి నేరుగా రామక్క గుడిసె ముందుకు వచ్చి, నులకమంచం మీద కూర్చున్నాడు. భవాని తల్లి వెనక నిలబడి అతని బూట్లు చూస్తోంది.

“అమ్మా, ఆ పొట్లం జబ్బు తగ్గించదు. అది కొలిచేది మాత్రమే. పాపకు బిళ్ళలు మాన్పించకండి,” అన్నాడు.

“జబ్బు తగ్గియ్యదా?”

“తగ్గించదు.”

“పోనీ, విషపు గాలొస్తే ఆపుతదా?”

“ఆపదమ్మా. వచ్చిందని చెప్తుంది.”

“ఎప్పుడు చెప్తది?”

“మూడు నెలలకు విప్పుతాం కదా. తీసుకుపోయి చూశాక.”

“అప్పటికి మేముంటమా సారూ?”

అటువంటి పొట్లాలు తర్వాత లెక్క తేల్చుకోవడానికి, వెంటనే చెప్పే మిషన్లు వేరే ఉంటాయి, అవి పట్నాల్లో ఉంటాయి అని అతను చెప్పవచ్చు. కానీ ఆమె అడిగింది అది కాదని అతనికీ తెలుసు.

రామక్క మెల్లగా నవ్వింది. “ఏమీ చెయ్యని దానికోసం హైదరాబాదు నుంచి జీపులేసుకొని వస్తరా? చేతులకు తొడుగులేసుకొని దేవునోలె ముట్టుకుంటరా? ఎవలన్నా నమ్ముతరా సారూ? మీకు కావాలె, తీస్కపోండ్రి. అబద్ధాలెందుకు?”

తీసుకుపోయారు. మనుషులు తాకిన చోట కొలత నిలవదన్నారు. పొట్లమూ గాలిమరా విప్పి జీపులో వేసుకున్నారు. ఇంకో మండలంలో ఒక ఆఫీసు డాబా మీద, తాళం వేసిన జాలీలో పెడతామని అనిల్‌కుమార్ చెప్పాడు. తప్పుగా పడిన లెక్క కొట్టేశారు. ఈ ఊరికి ఏమీ కాలేదని సంతలో చాటింపు వేయించమని పగిడయ్య అడిగితే, అది తమ పని కాదన్నారు. ఆ నెలతో జీతం ఆగింది. జీపు వాగు దిగేదాకా అతను చెట్టు కిందే నిలబడ్డాడు. వెనకనుంచి రామక్క గొంతు వినిపించింది.

“నా బిడ్డ పానం నువ్వే పట్టిచ్చినవ్ కద రా.”

ఆ తర్వాత అతను చేయని ప్రయత్నం లేదు. కాళ్ళు పట్టుకున్నాడు. ఊరిపెద్దతో చెప్పించాడు. “నువ్వే తెచ్చిపెట్టినవ్ గద, ఇప్పుడేమో కాదంటవ్?” అని ఊరిపెద్ద కూడా తల తిప్పుకున్నాడు. నర్సమ్మను వెంటబెట్టుకుని వస్తే రామక్క తడిక వేసుకుంది. ఒకసారి అన్నంలో బిళ్ళ నూరి కలిపాడు. ఎర్రరంగు కనిపించగానే రామక్క కంచం ఎత్తి వాకిట్లో పోసింది. ఆ రోజు నుంచి పిల్లను అతని గడప తొక్కనివ్వలేదు.

చలికాలం దాటకముందే జ్వరం తిరిగొచ్చింది. పొట్లం తీసుకుపోయినందుకే వచ్చిందని గూడెమంతా నమ్మింది. పిల్ల లేవలేని స్థితికి వచ్చాక రామక్క తానే తమ్ముడి గుడిసె ముందు నిలబడింది. పగిడయ్య భవానిని భుజాన వేసుకుని బస్సెక్కించాడు. భద్రాచలంలో మళ్ళీ మొదటినుంచి మందులు మొదలుపెట్టారు, సూదులు కూడా వేశారు. ఈసారి ఒంటికి పట్టలేదు.

ఒక సాయంత్రం, వార్డులో మంచం పక్కన కూర్చుని ఉంటే భవాని కిటికీవైపు చూసి వేలు తడుపుకోబోయింది. నోరు ఎండిపోయి ఉంది. పగిడయ్య తన వేలు తడిపి పైకెత్తాడు.

“ఎటు మామా?”

వార్డులో గాలి లేదు. “మన ఊరి దిక్కే,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల పోయింది. గూడేనికి తెచ్చి, ఇప్పచెట్టుకు అవతల, అడవి మొదలయ్యే చోట పెట్టారు. రామక్క ఏడుస్తూ ఆ కొమ్మను చేత్తో తడుముతూనే ఉంది. అతన్ని మాత్రం చూడలేదు.

పగిడయ్య పెళ్ళి చేసుకోలేదు. ఈ రెండువేల తొమ్మిదిలో అతను పాల్వంచలో ఒక సిమెంటు గోదాములో హమాలీ పని చేస్తున్నాడు. గోదాము వెనకే కిరాయి గదిలో ఉంటాడు. విత్తనాలకు ముందు గూడెం చేసుకునే భూమి పండుగకు ఊరికి పోతాడు. రామక్క అతనితో మాట్లాడదు.